పర్యాటకం, కరెంటు, దేశాభివృద్ధి: ఇందులో మన వాటా ఎంత?

(జమ్మలమడుగు ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట్లాడాల్సిన విషయం పేరు కాస్త బరువుగా ఉంది. పర్యాటకం, విద్యుత్తు, దేశ ఆర్థికాభివృద్ధి. ఈ పేరు వింటే ఇది ఆఫీసర్ల మీటింగేమో అనిపిస్తుంది. కానీ ఈ మూడూ ఇవాళ మన పొలం గట్టు మీదికే వచ్చి కూర్చున్నాయి. మన ఊళ్ల దారుల్లో కొన్నాళ్లుగా కార్లు ఎక్కువయ్యాయి. వాటిలో కొన్ని గండికోట చూడ్డానికి వచ్చేవి. కొన్ని మన భూమి చూడ్డానికి వచ్చేవి. మొదటి రకం వాళ్లు ఫోటో తీసుకుని పోతారు. రెండో రకం వాళ్లు సంతకం తీసుకుని పోతారు. ఆ సంతకం సంగతే మనం గట్టిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అది ముప్పై ఏళ్ల సంగతి.

రెండు రకాల వాళ్లూ చెప్పే మాట ఒకటే. దేశం అభివృద్ధి చెందుతోంది, మీరు అడ్డం పడొద్దు అంటారు. వికసిత్ భారత్ 2047 అని ఢిల్లీ వాళ్లు, స్వర్ణాంధ్ర 2047 అని అమరావతి వాళ్లు లక్ష్యాలు పెట్టుకున్నారు. మన రాష్ట్రం ఏటా 15 శాతం పెరగాలట. 2024లో కొత్త పర్యాటక విధానం తెచ్చి దానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. అదే ఏడాది క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చి 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు అన్నారు. మంచిదే. పెరగొద్దని ఏ రైతూ అనడు. మన పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. అయితే పెరిగింది ఎవరి ఇంట్లో అని అడిగే హక్కు మాత్రం మనకుంది.

జీడీపీ అంటే ఏమిటి? ఏడాదిలో దేశంలో తయారైన సరుకుల, సేవల విలువ. ఆ లెక్కలో వ్యవసాయం, దాని అనుబంధాల వాటా 18 శాతం చుట్టూ ఉంది. దాని మీద బతికే పనివాళ్లు మాత్రం నూటికి 46 మంది. అంటే సగం మందికి దగ్గరగా ఉన్న వాళ్లం అయిదో వంతు కూడా లేని విలువను పంచుకుంటున్నాం. పర్యాటకం వాటా 5 శాతం చుట్టూ ఉంటుంది. కరెంటు సంగతి వేరే. దాని వాటా చిన్నదిగా కనపడుతుంది గానీ అది ఆగితే మిగతావన్నీ ఆగుతాయి. మన ముడిచమురులో 85 శాతం పైగా బయటి దేశాల నుంచే కొంటున్నాం. డాలరు పెరిగితే డీజిలు పెరుగుతుంది, ట్రాక్టరు బాడుగ పెరుగుతుంది. కాబట్టి దేశం ఎండ మీద, గాలి మీద కరెంటు తీయాలనుకోవడం తప్పు కాదు, అవసరం. 2030 నాటికి 500 గిగావాట్లు బొగ్గుతో పని లేకుండా పెట్టాలని కేంద్రం లక్ష్యం. పెట్టిన యంత్రాల సామర్థ్యం చూస్తే సగం ఇప్పటికే అటు చేరింది. నిజంగా తయారయ్యే కరెంటులో మాత్రం ఇంకా నూటికి 70 యూనిట్లు బొగ్గువే.

మేము సోలారుకు వ్యతిరేకులం కాదు. ఈ మాట ముందే చెబుతున్నాం, ఎందుకంటే రేపు ఎవరో ఒకరు "సంఘం వాళ్లు అభివృద్ధికి అడ్డం" అని ప్రచారం చేస్తారు. రాత్రి కరెంటు కోసం బోరు కాడ పడుకుని పాము కరిచి చచ్చినవాళ్లు, చీకట్లో స్టార్టరు ముట్టుకుని షాకు కొట్టి పోయినవాళ్లు ఎన్ని ఊళ్లలో లేరు? పగటి పూట 9 గంటలు ఇవ్వగలుగుతున్నారంటే పగలు సోలారు కరెంటు దండిగా ఉండటం ఒక కారణం. ఆ మేలు మనం ఒప్పుకోవాలి.

కరెంటు మాటొస్తే మన జిల్లా అంతటి జిల్లా ఇంకోటి లేదు. కలమళ్ల దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు రైలెక్కి వస్తుంది, బూడిద లారీ ఎక్కి పోతుంది. ఆ బూడిద లారీల కోసం నాయకులు కొట్లాడుకున్న సంగతి పేపర్లలో చదివి నవ్వుకున్నాం. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. అక్కడి అరటి రైతులు బోర్ల నీళ్లు చెడిపోయాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. మైలవరం మండలంలో సోలార్ పార్కు వచ్చింది. పక్కన కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 5,932 ఎకరాల్లో 1,000 మెగావాట్ల పార్కు 2017లోనే పూర్తయింది. పిన్నాపురంలో నీళ్లను కొండ మీదికి ఎక్కించి దించి కరెంటు తీసే 1,680 మెగావాట్ల కేంద్రానికి 2022లో పునాది వేశారు. బొగ్గు, యురేనియం, ఎండ, గాలి, నీళ్లు, అన్నీ మన సీమలోనే. అయినా తలసరి ఆదాయంలో, వలసల్లో సీమ సంగతేమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. బెంగళూరులో మట్టి పనికి పోయిన మన పిల్లల్నడిగితే చెబుతారు.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. నల్లరేగడిలో శనగ వేస్తే వాన బాగుంటే ఎకరాకు అయిదారు క్వింటాళ్లు. మద్దతు ధర 2025-26కు క్వింటాలుకు 5,650 రూపాయలు. ఆ ధర దక్కిందనే అనుకుందాం. దక్కని ఏళ్లే ఎక్కువ. ఆరు క్వింటాళ్లకు 34 వేలు. విత్తనం, దున్నకం, మందులు, కోత, బాడుగలు పోతే చేతికి పది వేలు మిగిలితే గొప్ప. సోలారు కంపెనీ దళారి వచ్చి ఎకరాకు ఏడాదికి 30 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అంటాడు. విత్తనం లేదు, వాన లేదు, పురుగు లేదు. ఆశ పుడుతుంది. పుట్టడం సహజం. ఆశపడిన రైతును మేము తప్పు పట్టడం లేదు. శనగకు గిట్టుబాటు ధర ఇచ్చి ఉంటే ఈ 30 వేలు అంత పెద్దదిగా కనపడేది కాదు, అంతే.

కానీ అటు వైపు లెక్క కూడా చూడాలి గదా. ఒక మెగావాటుకు సుమారు అయిదు ఎకరాలు కావాలి. మన ఎండకు ఒక మెగావాటు ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిట్టు రెండున్నర రూపాయలకు అమ్మినా 40 లక్షలు. 2021లో మన రాష్ట్రం సెకీతో 7,000 మెగావాట్లకు ఒప్పందం చేసుకున్నది యూనిట్టు 2.49కే. అందుకే ఆ ధర తీసుకున్నాం, ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఆ 40 లక్షల్లో భూమి ఇచ్చిన రైతులకు పోయేది లక్షన్నర. యూనిట్టుకు పది పైసలు కూడా పడదు. కంపెనీకి మెగావాటుకు నాలుగు కోట్ల దాకా పెట్టుబడి ఉంటుంది, బ్యాంకు వడ్డీ ఉంటుంది, అది మాకు తెలుసు. ఆ అప్పు పదిహేనేళ్లకో పద్దెనిమిదేళ్లకో తీరిపోతుంది. తర్వాత ఎండ ఉచితం, యంత్రం సొంతం. భూమి బాడుగ మాత్రం అదే లెక్కలో నడుస్తుంది. అందుకే మేమడిగేది కౌలుకు తోడు యూనిట్టుకు పది పైసల వాటా. రెండున్నర రూపాయల్లో అది 4 శాతం. రైతుకు అది ఎకరాకు ఇంకో 32 వేలు. దేశాభివృద్ధి ఆ నాలుగు శాతానికి ఆగిపోతుందా?

ఇది భూమి ఉన్నవాడి సంగతి. భూమి లేనివాడి సంగతి ఏ ఒప్పందంలోనూ ఉండదు. మన ఊళ్లలో పట్టాదారు ఒకడు, దున్నేవాడు ఒకడు. పట్టాదారు ప్రొద్దుటూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. కౌలు డబ్బు ఫోన్లో పడుతుంది. దున్నే కౌలు రైతుకు ఒక్క పైసా రాదు, ఉన్న చేను పోతుంది. కలుపు తీసే ఆడవాళ్లకు కూలి పోతుంది. కంచె పడితే గొర్రెలకు బీడు పోతుంది, ఎండాకాలం మందను ఎటు తోలాలి? కట్టేటప్పుడు ఏడాది పాటు పని దొరుకుతుంది. కట్టాక పలకలు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, గేటు కాడ వాచ్‌మెన్లు, ఇంతమందే. ఆ వాచ్‌మెన్ ఉద్యోగానికి కూడా ఎమ్మెల్యే సిఫారసు కావాలి.

మన దగ్గరికి వచ్చిన కొన్ని కౌలు ఒప్పందాలు వకీలుతో చదివించాం. అందులో ఉన్నవి మీకు చెబుతున్నాం, కంపెనీ పేరు ఎందుకులే. కాలం 29 ఏళ్లు, ఆ తర్వాత పొడిగించుకునే హక్కు కంపెనీకే. కంపెనీ తన కౌలు హక్కును ఇంకొకరికి బదిలీ చేయొచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. రైతు మాత్రం తన భూమి మీద అప్పు తీసుకోవాలంటే కంపెనీ అనుమతి కావాలి. హక్కు తగాదా వస్తే ఖర్చు రైతుదే. మధ్యలో ప్రాజెక్టు ఆగిపోతే పునాదులు, ఇనుము ఎవరు పెరికిపోతారో ఒక్క ముక్క లేదు. ఆ సిమెంటు దిమ్మెల్లో మనవళ్లు ఏం పండిస్తారు? డీకేటీ భూముల వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1977 చట్టం ఆ భూములు చేతులు మారకుండా కాపాడింది. 2023లో దాన్ని సవరించి 20 ఏళ్లు దాటినవాటిని అమ్ముకోవచ్చన్నారు. పేదవాడికి హక్కు వచ్చిందని సంతోషించేలోపే దళారి గడపలో నిలబడ్డాడు.

ఇక పర్యాటకం. గండికోటను ఇవాళ ఇండియా గ్రాండ్ కాన్యన్ అని పిలుస్తున్నారు. మనకు అది ముందు నుంచీ పెన్నమ్మ కోసిన గండి. అయినా పేరు ఏదైతేనేం, జనం వస్తున్నారు. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూస్తారు, పొద్దు పొడుపు చూస్తారు. అటు నుంచి అటే బెలుం గుహలకు పోతారు. కేంద్రం గండికోటకు సుమారు 78 కోట్లు మంజూరు చేసింది. అది గ్రాంటు కాదు, రాష్ట్రానికి 50 ఏళ్లలో తీర్చమని ఇచ్చిన వడ్డీ లేని అప్పు. తీర్చేది మనం, మన పిల్లలు. పెద్ద పెద్ద హోటళ్లు వస్తాయని కూడా పేపర్లలో రాస్తున్నారు.

రానివ్వండి. కానీ బెంగళూరు నుంచి వచ్చిన కారు డీజిలు అక్కడే కొట్టించుకుని వస్తుంది, గది డబ్బు ఫోన్లో కంపెనీకి కడతారు, నీళ్ల సీసా కూడా వెంట తెచ్చుకుంటారు. మన ఊరికి మిగిలేది ప్లాస్టిక్కు. పర్యాటకం వల్ల దేశం పెరగాలంటే ఆ హోటలు వంటింట్లోకి మన సరుకు పోవాలి. జొన్నలు, కొర్రలు, శనగపప్పు, వేరుశనగ నూనె, అరటి, చీనీకాయలు, పాలు, నాటుకోళ్లు, ఇవన్నీ ఇరవై మైళ్లలో దొరుకుతాయి. సంగటి, జొన్నరొట్టె మన ఆడవాళ్ల కంటే బాగా ఎవరు చేస్తారు? కొంటామని రాతపూర్వకంగా షరతు పెట్టందే ఏ హోటలూ కొనదు. వాళ్ల లారీ పెద్ద మార్కెట్టు నుంచే వస్తుంది. స్థలం ఇచ్చేటప్పుడే ప్రభుత్వం ఆ షరతు రాయాలి. ఇంకో సంగతి. పురావస్తు శాఖ కాపాడే కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం కూడదని చట్టం. మంచి చట్టమే. దాని వల్ల కోట లోపల తరతరాలుగా ఉన్న గండికోట ఊరివాళ్లు ఇంటి గోడ మార్చుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. వాళ్ల ఇళ్లలోనే రెండు గదులు బాగు చేసి అతిథులకు ఇచ్చుకునే ఏర్పాటు, దానికి చిన్న అప్పు ముందు చూడాలి. అద్దాల హోటలు తర్వాత.

కోట మీద నుంచి చూస్తే నీళ్లు అందంగా కనపడతాయి. అందులో పడవ షికారు చేస్తారు. ఆ 26 టీఎంసీల కింద కొండాపురం, మైలవరం మండలాల ఊళ్లు ఉన్నాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరులో పరిహారం పూర్తిగా తేలకముందే నీళ్లు ఊరి మీదికి వచ్చాయి, జనం రోడ్డెక్కారు. ఆ ఊళ్లు మునిగింది పడవ షికారు కోసం కాదు, సాగునీటి కోసం, గాలేరు-నగరి కోసం. ఆ నీళ్లకు ఇవాళ హక్కుదారులు పెరుగుతున్నారు. 2022లో అనుమతులిచ్చిన పంప్డ్ స్టోరేజీ జాబితాలో గండికోట పేరూ ఉంది. ఈ పద్ధతిలో పగలు చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం ఖరీదైన వేళ కిందికి వదిలి కరెంటు తీస్తారు. నూరు యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేది 75, 80. అయినా సాయంత్రం ధర ఎక్కువ కాబట్టి గిట్టుతుంది. నీళ్లు ఖర్చయిపోవు, తిరిగి అక్కడికే వస్తాయి, ఆ మాట నిజం. కానీ మొదట నింపడానికి నీళ్లు కావాలి, ఆవిరైపోయినంత ఏటా కలపాలి, అన్నిటికీ మించి రిజర్వాయరులో ఒక మట్టం ఎప్పుడూ ఉంచాలి. కరువు ఏడాది మే నెలలో ఆ మట్టం కంపెనీ కోసం ఉంచుతారా, చీనీ చెట్లు బతికించడానికి వదులుతారా? ఈ ప్రశ్నకు జవాబు రాతలో ఉండాలి. నోటి మాట చెల్లదు.

ఒక్కొక్కసారి మాకు ఆశ్చర్యం వేస్తుంది. ప్రకృతి చూడ్డానికి రమ్మని పిలిచేది ఒక శాఖ. అదే ప్రకృతి మీద టవర్లు, కంచెలు వేసేది ఇంకో శాఖ. ఇద్దరూ ఒకే కొండ అడుగుతున్నారు, ఒకే నీళ్లు అడుగుతున్నారు, ఒకరినొకరు అడిగినట్టు లేదు. ఇద్దరూ అడగాల్సిన మూడోవాడు రైతు. అతన్ని చివర పిలుస్తారు, అదీ సంతకానికి.

పర్యాటకం మీదనే ఊరు మొత్తం ఆధారపడటం కూడా మంచిది కాదు. 2020 ఏప్రిల్-జూన్‌లో దేశ జీడీపీ 23.9 శాతం పడిపోయిందని అప్పుడు ప్రకటించారు. హోటళ్లకు తాళాలు పడ్డాయి. అదే మూడు నెలల్లో వ్యవసాయం 3.4 శాతం పెరిగింది. లాక్‌డౌన్‌లో ఎవరూ పలావు తినడం మానలేదు గదా. ఆ రోజు దేశాన్ని నిలబెట్టింది మనమని పొగిడారు. అదే ఏడాది రాష్ట్రాలకు అదనపు అప్పు కావాలంటే విద్యుత్ సంస్కరణలు చేయాలని షరతు పెట్టారు, మన మోటార్లకు మీటర్ల మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ పొగడ్త ఎన్నాళ్లు నిలిచిందో చూశారు గదా. కరెంటు చార్జీల మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలిచ్చిన రాష్ట్రం మనది. మీటర్ల పేరు ఎత్తినప్పుడు ఆ తేదీ గుర్తు చేయడం మన పని.

వాటా అడిగితే కొత్తగా అడుగుతున్నారంటారు. కొత్త కాదు. బొర్రా గుహల పేరు మీ అందరికీ తెలుసు, పర్యాటకానికి పేరున్న చోటు. ఆ బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద సమతా సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గిరిజన భూములు బయటి కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. పరిశ్రమ నడిస్తే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం నీళ్లు, బడి, వైద్యం, రోడ్ల కోసం పక్కన పెట్టాలంది. మనది ఏజెన్సీ ప్రాంతం కాదు, ఆ తీర్పు మనకు నేరుగా వర్తించదు. కానీ అత్యున్నత న్యాయస్థానం 20 శాతం న్యాయమన్న దేశంలో మనం 4 శాతం అడుగుతున్నాం. టిక్కెట్టు డబ్బులో, పడవ డబ్బులో గండికోట పంచాయతీకి వాటా అడుగుతున్నాం.

ఇంకో దారి ఉంది, అది మన చేతిలోనిది. 2019 నుంచి కుసుమ్ పథకం ఉంది. అందులో మొదటి భాగం ప్రకారం రైతే, లేదా రైతుల సంఘమే, పంచాయతీయే సబ్‌స్టేషనుకు అయిదు కిలోమీటర్లలోపు బీడు భూమిలో అర మెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా సోలారు పెట్టుకోవచ్చు. ఆ కరెంటు 25 ఏళ్లు డిస్కం కొంటుంది. దేశం మొత్తానికి 10,000 మెగావాట్లు లక్ష్యం పెట్టి అందులో చిన్న ముక్క చేశారు. కారణం అప్పు. ఆరు వేల ఎకరాల కంపెనీకి వేల కోట్లిచ్చే బ్యాంకు, పదిమంది రైతులు కలిసి నాలుగు కోట్లడిగితే పూచీ ఎవరంటుంది. ఆ పూచీ ప్రభుత్వం ఇవ్వాలి. మన భూమిలో మన మీటరు తిరిగితే ఆ డబ్బు ప్రొద్దుటూరు బజారులో ఖర్చవుతుంది, ఎరువుల అంగడికి, బట్టల అంగడికి, బడి ఫీజుకు పోతుంది. అదీ జీడీపీనే.

కాబట్టి వచ్చే గ్రామసభల్లో చేయాల్సింది చెప్పి ముగిస్తాం. సంఘం వకీలు చూడకుండా ఎవరూ ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టొద్దు, అడ్వాన్సు తీసుకోవద్దు. తీసుకున్నవాళ్లు దాచకుండా రశీదు తీసుకురండి, ఎవరూ ఏమీ అనరు. పాసుపుస్తకం, 1బి, అడంగల్ నకళ్లు దగ్గర పెట్టుకోండి. కౌలు రైతులు సాగుదారు కార్డు ఉంటే తెండి, లేనివాళ్ల జాబితా వేరే రాస్తున్నాం. పొలంలో లైన్ టవరు పడుతున్న వాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 2024 జూన్ కేంద్ర మార్గదర్శకాల ప్రకారం టవరు కింది భూమికి విలువలో 200 శాతం, తీగల కింది భూమికి 30 శాతం ఇవ్వొచ్చు. అది రాష్ట్రం అమలు చేస్తేనే మన చేతికొస్తుంది. కలెక్టరుకు ఇచ్చే అర్జీలో ఆ డిమాండు మొదటిది. అర్జీ నమూనా బల్ల మీద ఉంది, ఊరికి రెండేసి పట్టుకుపోండి. గొర్రెల కాపరులు బీడు భూముల సర్వే నంబర్లు రాయించి పోండి, కంచె పడక ముందే దారి ఎక్కడ వదలాలో తీర్మానంలో రాయిద్దాం.